దేవప్ప మీటరు, మణెమ్మ చెయ్యి

నారాయణఖేడ్‌లో కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే దేవప్పను జనం తెగ ఆటపట్టించేవారు. ఫ్యానైనా, కూలరైనా బాగుచేశాక దానికి తడి గుడ్డ చుట్టి, మీటరు సూది చూడనిదే ఇచ్చేవాడు కాదు. "దేవప్పకిస్తే మిషన్లకు గూడ తానం బోసి పంపుతడు" అని నవ్వేవారు. నవ్వనీ! ఆ చాదస్తం ఊరికే అబ్బింది కాదు.

ఎనభై నాలుగులో, దసరాకు ముందు, పిండి గిర్ని నడిపే మణెమ్మ మోటారు కాలిపోతే అతనే చుట్టాడు. అప్పట్లో అతని పరీక్ష ఒక్కటే. కరెంటు ఇచ్చి, చేతి వెనక వైపుతో మోటారును తాకడం. తాకాడు, జుమ్మని కూడా అనలేదు. భేషుగ్గా ఉందని ఇచ్చేశాడు. కాళ్లకు రబ్బరు చెప్పులు, కింద ఎండిన చెక్కబల్ల. ఇంకేమంటుంది, పాడు కరెంటు!

పండగనాడు ఆయుధ పూజకని మణెమ్మ గిర్ని నేలంతా కడిగింది. తొలి గుప్పెడు జొన్నలు తిరుగుతుండగా ఉత్త కాళ్లతో నిలబడి, తడి పసుపు మోటారుకు పూసింది. అంతే, ఎవరో విసిరికొట్టినట్టు వెనక్కి పడింది. ప్రాణమైతే దక్కింది గానీ, చెయ్యి వారం దాకా మొద్దుబారే ఉంది.

దేవప్ప దవాఖానకు పరుగెత్తి, తిట్లకు సిద్ధపడి మంచం పక్కన నిలబడ్డాడు. మణెమ్మ తిట్టలేదు.

"అరే దేవప్పా, మోటారు ముట్టి జూసినవా?"

"జూసిన అక్కా. ఏమనలే."

"చెప్పులు ఇడిచి జూసినవా?"

దేవప్ప తల దించి తన రబ్బరు చెప్పులకేసి చూసుకున్నాడు. అంత చిన్న సంగతి ఇన్నేళ్లూ తట్టనందుకు సిగ్గుతో చచ్చిపోయాడు.

ఊరు ఊరుకుంటుందా? దేవప్ప చుట్టిన మోటారంటే దండం పెట్టి దూరం జరిగారు. అటు మణెమ్మ గిర్నికీ ఎవరూ గింజలు తేలేదు. ఇద్దరి బతుకూ ఆ ఒక్క మోటారు దగ్గర ఆగిపోయింది. దేవప్ప దాన్ని బస్సెక్కించి, కరెంటు పాఠాలు చెప్పి రిటైరైన గిద్యోను సారు దగ్గరికి జహీరాబాద్ తీసుకుపోయాడు.

సారు మోటారుకు తడి గుడ్డ చుట్టాడు. కరెంటుకు మనిషి ఒళ్లు ఎంత అడ్డుపడుతుందో అంత అడ్డుపడే రెసిస్టరును మీటరుకు జోడించి, గుడ్డకూ భూమికీ మధ్య పెట్టి, మోటారుకు కరెంటు ఇచ్చాడు. సూది పదిహేను మిల్లీ ఆంపియర్లకు ఎగిరింది.

"పది దాటితే పట్టుకున్న చెయ్యి ఇడవదు. మీ అక్క ఎగిరి పడ్డది, అదృష్టం" అన్నాడు సారు. "నీ చెయ్యిని నమ్మకు దేవప్పా. చెయ్యి చెప్పుల మాట ఇంటది. సూది ఎవల మాటా ఇనదు."

విప్పి చూస్తే, తీగ బయటికొచ్చే చోట, కరెంటు ఇనుముకు తగలకుండా ఆపే ఇన్సులేషన్ కాగితం చిరిగి ఉంది. అది దేవప్ప చేతి పనే. సారు పక్కనే కూర్చుని మళ్లీ చుట్టించాడు. దేవప్ప తిరిగొచ్చేటప్పుడు తన మీటరే చేతిలో పెట్టాడు. అంతటి పుణ్యాత్ముడు!

మోటారు మళ్లీ గిర్నిలో బిగించిన రోజు వాకిట్లో జనం మూగారు. దేవప్ప నేల తడిపి, మీటరు పెట్టాడు. సూది అర మిల్లీ ఆంపియరు కూడా దాటలేదు. అయినా ఒక్కరూ గడప లోపలికి రాలేదు. తానే ముట్టి చూపిద్దామని దేవప్ప ముందుకు వంగాడు.

"జరుగు" అంది మణెమ్మ.

"వద్దక్కా, నేను ముడుత."

"మణెమ్మా, పానం మీదికి తెచ్చుకుంటవా?" అని వాకిట్లోంచి ఎవరో అరిచారు.

"సూది జెప్పింది గదా! తప్పు జేసి మొఖం దాచలే గీయన. మోటారు మోసుకొని జహీరాబాద్ దాంక పోయిండు. దెబ్బ తిన్నదాన్ని నేనే నమ్మకపోతే ఇంకెవలు నమ్ముతరు?"

నిన్నమొన్నటిదాకా మొద్దుబారిన ఆ చేతినే నీళ్లలో ముంచి, తిరుగుతున్న మోటారు మీద నిండుగా ఆనించింది. ఏమీ కాలేదు. చెయ్యి తీయలేదు.

దేవప్ప ఆమెకు చేతులెత్తి మొక్కి, అందరి ముందూ బొటబొటా కన్నీళ్లు కార్చాడు.

"ఏడుస్తవేందిరా? జనం పిండికి నిలబడ్డరు" అంది మణెమ్మ. "జల్దీ జొన్నలు పొయ్యి."