ఉప్పు కొలిచే గొట్టం ఎందుకు కొన్నానంటే

మా అల్లుడు గల్ఫు నుంచి సెలవుకొచ్చినప్పుడు మా మనవరాలి ముచ్చట తీర్చడానికి హాల్లో ఓ అద్దాల తొట్టి పెట్టేడు. మామూలు చేపలది కాదు, ఉప్పునీటిది. అందులో నారింజరంగు చేపలు రెండు, ఒంటి మీద తెల్ల పట్టీలు. నీళ్ళలో కలపడానికి వేరే ఉప్పు, ప్యాకెట్లలో వస్తుంది. సముద్రం ఇంత దగ్గర పెట్టుకుని ఉప్పు కొనుక్కోవడమేవిటని అడిగేను. ఆ ఉప్పు వేరండి అన్నాడు. సెలవయ్యాక వెళ్ళిపోయేడు. నా కూతురికి కాలేజీలో ఉద్యోగం, మనవరాలికి బడి. పగలంతా తొట్టి చూసుకోవడం నా వంతయ్యింది.

వెళ్ళేముందు అతను గట్టిగా చెప్పింది ఒకటే. నీళ్ళు ఆవిరై తగ్గితే ఉత్త మంచినీళ్ళే పొయ్యాలి, ఉప్పు కలపకూడదు. నీరు పోతుంది గానీ ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. ఇది నాకొకరు చెప్పాలా? మా పుట్టింటివైపు సముద్రం పక్క పర్రభూమిలో పోటునీరు ఎండితే నేలంతా తెల్లగా ఉప్పు పేరుకునేది. అది చూస్తూ పెరిగినదాన్ని.

మా వియ్యపురాలు, అంటే అల్లుడి తల్లి, రిటైరయిన టీచరు. ఇల్లు పక్క వీధే. ఆదివారం చర్చి నుంచి వస్తూ మా ఇంట్లో టీ తాగి వెళ్తారు, కూడా నలుగురు ఆడవాళ్ళుంటారు. మొదటి ఆదివారమే తొట్టిలోకి తొంగిచూసి, "వదినగారూ, ఉప్పు దగ్గర మాత్రం చెయ్యి బిగబట్టకండేం. ఇది మీ ఇంటి చారు కాదు, నీళ్ళు పోసి పెంచడానికి" అన్నారు. నలుగురూ నవ్వేరు. నా కూతురు కూడా నవ్వింది.

నేను పొదుపు మనిషినే. కొబ్బరిపీచు కూడా పారెయ్యను. కానీ ఆ మాట గొంతులో చేపముల్లులా దిగింది. మర్నాటి నుంచి తొట్టిలో నీళ్ళు పోసినప్పుడల్లా చెంబుకో గుప్పెడు ఉప్పు కలిపేను. తప్పని తెలిసే కలిపేను. ప్యాకెట్లు ఖాళీ అయ్యేకొద్దీ నా మనసుకి హాయిగా ఉండేది.

నెల తిరిగేసరికి ఒక చేప వెల్లకిలా తేలింది. కబురు తెలిసి వియ్యపురాలు వచ్చేరు. అల్లుడు వదిలివెళ్ళిన ప్లాస్టిక్ డబ్బా ఒకటుంది. అందులో నీళ్ళు పడితే ఉప్పుని బట్టి లోపల ముల్లు లేస్తుంది. ఆవిడ ముంచి చూస్తే ముల్లు కిందనే ఉండిపోయింది. ఎన్నాళ్ళనుంచో కడక్క ఆ ముల్లుకి ఉప్పు గారకట్టి బరువెక్కింది. చదువుకున్నావిడ అది చూసుకోలేదు. ఉప్పు దాచుకుని చేపని చంపేనని చర్చి ఆడవాళ్ళందరికీ చెప్పేరు. అదంతా ఓర్చుకున్నాను. మనవరాలు వచ్చి, "అమ్మమ్మా, నిజంగా ఉప్పు తక్కువ వేసేవా" అని అడిగింది. అది ఓర్చుకోలేకపోయేను.

మర్నాడు ఆటో ఎక్కి అమలాపురం వెళ్ళేను. రొయ్యల చెరువులకి మేత, మందులు అమ్మే షాపులో ఉప్పు కొలిచేవి ఉంటాయని తెలుసు. షాపాయన మూడు రకాలు ముందు పెట్టేడు. ఒకటి నీళ్ళలో తేలే గాజుది. దాన్ని చూడగానే పాలకేంద్రం గుర్తొచ్చింది. అక్కడ పాలలో ఇలాంటిదే ముంచి, గుమాస్తా పక్కకి వంగి చూసి మా గేదెపాలలో నీళ్ళున్నాయనేవాడు. చూసేవాడి మెడ వంపుని బట్టి మారే లెక్క నాకొద్దన్నాను. రెండోది కలంలా ఉంది, ముంచితే అంకెలు కనపడతాయి. సెల్లు అయిపోయిందనో, పాడయిందనో అనడానికి వియ్యపురాలికి సందు దొరుకుతుంది. మూడోది గొట్టం. కొస అద్దం మీద రెండు చుక్కలు వేసి, మూత వేసి, వెలుతురు వైపు ఎత్తి కంటికి ఆనించి చూడాలి. లోపల నీలం రంగు ఎక్కడ ఆగితే అదే లెక్క. ఎవరి కన్ను వాళ్ళే పెట్టుకోవాలి. నాకు కావలసింది అదే.

షాపాయన ముందుగా మంచినీటి చుక్క వేసి సున్నా సరిచూసుకోవాలన్నాడు. మా నూతినీళ్ళు వేస్తే చాలా అని అడిగేను. నవ్వి, "మన నూతినీళ్ళతో పెడితే ఆ సున్నాలోనే ఉప్పుంటుందండి. ఇన్వర్టరు బ్యాటరీలో పోసే నీళ్ళు వెయ్యండి" అన్నాడు. ఆయ్ అని ఆ నీళ్ళ సీసా కూడా కొన్నాను. నా ఒంటికి ఎప్పుడూ అంత ఖర్చు పెట్టుకోలేదు.

ఆదివారం ఆడవాళ్ళందరూ టీకి కూచున్నాక గొట్టం తీసేను. అందరి ముందూ బ్యాటరీ నీళ్ళు వేసి సున్నా చూపించేను. తరవాత చెంబుతో తొట్టినీళ్ళు ముంచి, రెండు చుక్కలు వేసి వియ్యపురాలి చేతికిచ్చేను.

"నేను మూడో తరగతి మనిషిని వదినగారూ. మీరు టీచరు గారు కదా, కాస్త పైకి చదవండి."

ఆవిడ కిటికీ వైపు తిరిగి చాలాసేపు చూసేరు. "నలభై రెండు" అన్నారు.

"ఎంతుండాలండి?"

"ముప్పై అయిదు."

"తగ్గిందా, పెరిగిందా?"

ఆవిడ గొట్టం మళ్ళీ కంటికి ఆనించేరు. మళ్ళీ అడిగేను. పెరిగిందని ఆవిడ చేతే అనిపించేను. అప్పుడావిడ గొట్టం దించి, "అయితే చేపని మీరే చంపేరన్నమాట" అన్నారు.

"ఆయ్, నేనే చంపేను. పిసినారితనంతో మటుకు కాదు."

నా మాట నెగ్గిందని గుండె నిండా సంతోషం. మనవరాలు లేచి నా దగ్గరికొచ్చి, తెలిసీ ఎందుకు వేసేవని అడిగింది. మీ నాన్నమ్మ అన్న మాటకి, అన్నాను. పిల్ల ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. గొట్టం ఆవిడ చేతిలోంచి, చెంబు నా చేతిలోంచి తీసేసుకుంది.

"ఇవాళ్టి నుంచి మీరిద్దరూ ఈ తొట్టిని ముట్టుకోకండి."

వారం పాటు తనే రోజూ కొంచెం తొట్టినీరు తీసి మంచినీళ్ళు పోసి, ఉప్పుని మెల్లిగా కిందికి దించింది. మిగిలిన చేప బతికింది. వియ్యపురాలు మూడు ఆదివారాలు మా గుమ్మం తొక్కలేదు. నాకేమీ జాలి వెయ్యలేదు. నాలుగో ఆదివారం వస్తున్నారని కబురు తెలిసి, ఆవిడ కుర్చీ తొట్టికి ఎదురుగా తిప్పి వేసేను. ఆవిడ ఒక్క క్షణం నిలబడి చూసి, అందులోనే కూచుని టీ తాగేరు.