తాత నోటికి రాని పిలుపు

మా చిన్నప్పుడు... అర్ధవీడు దగ్గర అమ్మ పుట్టింటికి, మా తాత వాళ్ళ ఊరికి ఎప్పుడు పోయినా, పళ్ళెంలో అన్నం చల్లారిపోయాకే తినేవాళ్ళం.

దానికి కారణం మా నాయన. ఆయనది ఫిలిప్పీన్స్ దేశం. కువైట్‌లో ఇంజినీరుగా ఉన్నప్పుడు, అక్కడే నర్సుగా చేస్తున్న మా అమ్మను పెళ్ళి చేసుకున్నాడు. అమ్మకు ఆ ఎడారిలో మనసు నిలవలేదు... తిరిగి వచ్చేస్తుంటే ఆయనా వెంట వచ్చేశాడు. మార్కాపురంలో కాపురం పెట్టారు. పలకల ఫ్యాక్టరీల్లో మిషన్లు ఆగిపోతే ఆయన్నే పిలిచేవాళ్ళు.

వాళ్ళ దేశంలో ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్ళు కనపడగానే చిన్నవాళ్ళు వాళ్ళ చెయ్యి అందుకుని, తల వంచి, ఆ చేతిని నుదుటికి ఆనించుకుంటారు. మనం దండం పెట్టినట్టే. నాయన గడప దాటగానే తాతకు అట్లాగే చేసేవాడు.

మా తాత మేకలు కాసుకునే మనిషి, ఊరి చర్చిలో సంఘపెద్ద. ఎవరైనా వచ్చి తల వంచారంటే ప్రార్థన అడుగుతున్నారనే ఆయన లెక్క. మొదటిసారే నాయన తల మీద రెండు చేతులూ పెట్టి, "పరిశుద్ధుడవైన తండ్రీ... ఈ ఇంజినీరును..." అని మొదలుపెట్టాడట. ఇక ప్రతిసారీ అదే. మేం ఎక్కి వచ్చిన బస్సూ, మార్కాపురం మిషన్లూ, మా పరీక్షలూ, రాని వానా, ఈనబోయే మేకా... అన్నీ అందులోకి వచ్చేవి. నాయన నడుం వంచి కదలకుండా నిలబడేవాడు. ఆమెన్ తొందరగా రావాలని మా అమ్మమ్మ గిన్నె మూత మీద గరిటెతో చప్పుడు చేసేది.

"అది దండమే గానీ ప్రార్థన అడిగేది కాదని మా నాయనకు చెప్పగూడదా?" అని అమ్మ తిరుగు బస్సులో నాయన దగ్గర సణిగేది.

"వద్దు. ప్రార్థన ఇస్తా ఉంటే ఎవరన్నా వద్దంటారా?" అనేవాడు నాయన. అప్పటికే మా యాస ఆయన నోటికి బాగా ఎక్కింది.

ఆయన భక్తి అట్లాంటిది. తెల్లారక ముందే లేచి జపమాల పట్టుకునేవాడు. బాగుచేసిన మిషన్‌కు స్విచ్ వేసే ముందు సిలువ గుర్తు వేసుకునేవాడు. "సారు దేవునికి చెప్పినాడు, ఇంక తిరుగుతాది" అని పనివాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆదివారం పొద్దున్నే తన కథోలిక చర్చికి, ఆ తరువాత అమ్మ వెంట మా చర్చికి... రెండు చోట్లా వెనక బెంచీయే.

కానీ ఒక్క లోటు. తాత ఆయన్ని ఎన్నడూ "అల్లుడా" అనలేదు.

మా వైపు వరసలకు కొదవా? బస్సు కండక్టరు అల్లుడే. సోడాలు అమ్మేవాడు అల్లుడే. సొంత అల్లుడు మాత్రం "ఇంజినీరు". పెళ్ళి సంగతి తెలిసినప్పుడే తాత అన్నాడట... "పేరు పిలుద్దామంటే నోరు తిరగదు, అల్లుడా అందామంటే మనసు రాదు" అని. దేశం వేరు, రూపు వేరు, పైగా చేతిలో మా చర్చిలో ఎవరూ పట్టని జపమాల.

ఆ ఒక్క పిలుపు కోసం నాయన ఎంత ఎదురుచూశాడో ఇంట్లో మా అందరికీ తెలుసు. ఒక ఎండాకాలం తాత ఊళ్ళో తాగునీళ్ళ బోరు మోటారు కాలిపోయింది. నాయన పొద్దున్నుంచి ఎండలో కూర్చుని దాన్ని విప్పి, బిగించి, సిలువ గుర్తు వేసుకుని స్విచ్ వేశాడు. నీళ్ళు పడ్డాయి. ఊరంతా బిందెలతో వచ్చింది. తాత ముఖం వెలిగిపోవడం చూసి, నాయన గ్రీజు చేతులతోనే వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాడు.

తాత పక్కనున్న పైపుల మనిషి వైపు తిరిగి, "అల్లుడా, ఇంజినీరుకు సబ్బు తెచ్చియ్యి" అన్నాడు.

నాయన నవ్వుతూ చేతులు కడుక్కున్నాడు. నాకైతే ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు తలుచుకున్నా ఉక్రోషంగానే ఉంటుంది.

పోయిన ఏడాది నాయన గుండెపోటుతో వెళ్ళిపోయాడు. తనను ఇక్కడి మట్టిలోనే పెట్టమని అమ్మకు ముందే చెప్పి ఉన్నాడు. తాత ఊరికే తీసుకుపోయాం. తాతకు చూపు పూర్తిగా మందగించింది. ఇద్దరు పట్టుకుని తెచ్చి పెట్టె పక్కన కూర్చోబెట్టారు. ఇక ప్రార్థన చేస్తాడని అందరం తలలు వంచుకున్నాం.

తాత పెట్టెలోకి చెయ్యి చాచాడు. తడుముకుంటూ నాయన చెయ్యి అందుకున్నాడు. జపమాల చుట్టి ఉన్న ఆ చేతిని పైకెత్తి, తానే తల వంచి, నుదుటికి ఆనించుకున్నాడు.

వీడియో కాల్‌లో చూస్తున్న మా మేనత్త, అక్కడ ఫిలిప్పీన్స్‌లో, బావురుమంది. అమ్మ గబగబా తాత భుజం పట్టుకుంది. "నాయనా, నువ్వట్ల చెయ్యగూడదు. అది చిన్నోళ్ళు పెద్దోళ్ళకు పెట్టే దండం."

"తెలుసులేమ్మా... మొదటి యేడే మీ అమ్మ చెప్పింది నాకు" అన్నాడు తాత. "అల్లుడా అనను నోరు రాకపాయె. తల వంచినోన్ని ఊరికే ఎట్ల పంపేది? అందుకే ప్రార్థన చేస్తా ఉంటి."

కాసేపు ఆ చెయ్యి వదల్లేదు. తరువాత దాన్ని మెల్లగా నాయన గుండెల మీద పెట్టి, వంగి అన్నాడు...

"పోయిరా అల్లుడా."

ఎన్నో ఏళ్ళు చెవులు రిక్కించుకుని ఉన్న మనిషికి ఆ మాట వినపడే దారి లేదు. నేను ఏడ్చింది చావుకు కాదేమో, ఆ మాటకేనేమో.

మీ ఇళ్ళల్లోనూ ఇట్లా నోటి దాకా వచ్చి ఆగిపోయిన పిలుపులు ఉన్నాయా? ఉంటే కింద రాయండి... అంతకంటే ముందు, ఆ మనిషి ఇంకా ఉంటే, ఒకసారి పిలవండి.

మొన్న పిల్లల్ని తీసుకుని తాత ఊరికి పోయాను. వాళ్ళు గడప దగ్గరే చెయ్యి ఊపి "హాయ్" అనేసి లోపలికి పరిగెత్తారు. అమ్మమ్మ వెంటనే వడ్డించేసింది. అన్నం వేడివేడిగా పొగలు కక్కుతోంది... ఎవరికీ ముద్ద దిగలేదు.