నూనె తాగిన ఆవు, వెన్న తగ్గిన పాలు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వేసవి. ఉరవకొండ దగ్గర ఒక పల్లెలో పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఆ ఏడు శనక్కాయ పంట ఎండిపోయింది. పచ్చిమేత మాట అటుంచి ఎండుమేతకు కూడా కరువొచ్చింది.

ఒక ఉదయం ఓబుళమ్మ ఆసుపత్రికి వచ్చింది. ఆమెకున్నది ఒకే ఒక్క సంకరజాతి ఆవు. భర్త నూనె మిల్లులో కూలీ. పాల సెంటర్ నుంచి నేరుగా వచ్చినట్టుంది, ఆమె చేతిలో పాలక్యాను అలాగే ఉంది.

"మేడం, మా ఆవుకేం రోగమొచ్చిందో చూడండి. పాల సెంటర్లో నన్ను దొంగ అంటాండారు" అంది.

సెంటర్లో రెండు కొలతలు చూస్తారు. ఒకటి ఫ్యాట్, అంటే వెన్న శాతం. రెండోది ఎస్ఎన్ఎఫ్, అంటే వెన్న పోగా పాలలో మిగిలే ఘనపదార్థం. నీళ్లు కలిపితే రెండూ పడిపోతాయి. ఓబుళమ్మ పాలలో ఎస్ఎన్ఎఫ్ సరిగానే ఉంది, నాలుగు దాకా ఉండే ఫ్యాట్ మాత్రం రెండున్నరకు దిగింది. వెన్న తీసేసి పాలు పోస్తోందని సెంటర్ గుమాస్తా రామాంజనేయులు వరుసలో అందరి ముందూ అన్నాడు. రేపటి నుంచి తేవద్దన్నాడు. నిజం చెప్పాలంటే, నేనూ మొదట అదే అనుకున్నాను.

అయినా మర్నాడు తెల్లవారుతూనే వాళ్లింటికి వెళ్లాను. నా కళ్ల ముందే పాలు పితకమన్నాను. బాగా కలిపి, నేను తెచ్చిన సామానుతో అక్కడే పరీక్ష చేశాను. అదే రెండున్నర! ఆవుకు జ్వరం లేదు, పొదుగు వాపు లేదు. పేడ మాత్రం పలచగా ఉంది. గాటిలో తవుడు నిగనిగలాడుతోంది.

"ఏంటక్కా ఈ జిడ్డు?"

"శనక్కాయ నూనె మేడం. మిల్లులో అడుగున మిగిలిన మడ్డి మా ఆయన తెస్తాండాడు. పూటకో చెంబు కలుపుతాండా."

"ఎవరు చెప్పారు నీకు?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "మీరే గదా మేడం! మేత చాలకపోతే నూనె పెట్టండి, బలమొస్తాదని మొన్న మా ఊళ్లో పశువుల శిబిరంలో చెప్తిరి. నూనె పోస్తే వెన్న పెరగాల గానీ తగ్గతాదని ఎవరనుకుంటారు?"

చెప్పింది నేనే. ఎంత పెట్టాలో మాత్రం చెప్పలేదు.

ఆవు మొదటి పొట్టను రూమెన్ అంటారు. అందులోని సూక్ష్మజీవులు నూనెను మార్చేస్తాయి. నూనె ఎక్కువై, నమలడానికి పీచుమేత తక్కువైతే ఆ మార్పు దారి తప్పుతుంది. అప్పుడు పుట్టే కొన్ని కొవ్వులు పొదుగుకు చేరి, అక్కడ వెన్న తయారీనే అణిచేస్తాయి. పాలలో ఉన్న కాస్త వెన్న గుణమూ మారుతుంది. ఇదంతా వివరిస్తే ఓబుళమ్మ తలూపింది. "అందుకేనేమో, ఇంట్లో చిలికితే వెన్న గట్టిపడకుండా చేతికి అతుక్కుంటాంది."

అక్కడి నుంచే ఇద్దరం సెంటరుకు వెళ్లాం. నేను చెప్పింది విని రామాంజనేయులు గొంతు తగ్గించి, "సరేలేక్కా, పాలు పొయ్యి" అన్నాడు.

ఓబుళమ్మ క్యాను కింద పెట్టింది. "దొంగ అని అందరికీ వినబడేట్టు అంటివి. ఇదెందుకప్పా చెవిలో చెప్తాండావు? గట్టిగా చెప్పు."

అతను లేచి నిలబడ్డాడు. "ఓబుళమ్మక్క వెన్న తీయలేదు. పొరపాటు నాదే" అన్నాడు. సగం పొరపాటు నాదని నేనూ ఆ వరుసలోని వాళ్లందరికీ చెప్పాను.

నూనె ఆపించాను. రాయదుర్గం దగ్గరి తమ్ముడి ఊరు నుంచి ఆమె జొన్నచొప్ప తెప్పించుకుంది. మూడో వారానికి ఫ్యాట్ మళ్లీ నాలుగుకు దగ్గరైంది.

మందు రాసేటప్పుడు మోతాదు రాయకుండా ఏ డాక్టరూ చీటీ ఇవ్వడు. మేత విషయంలో మాత్రం ఆ జాగ్రత్త నాకు లేకపోయింది. ఆ నిర్లక్ష్యానికి ఒక మనిషి నలుగురిలో దొంగగా నిలబడాల్సి వచ్చింది. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా వాళ్ల గిన్నె అడిగి తీసుకుని, నూనె ఎందాకా పోయాలో వేలితో గీత గీసి చూపిస్తాను. తర్వాత వాళ్లను పోసి చూపించమంటాను.