నాలుగో అంతస్తు ఆకుపచ్చ తువ్వాలు

మా ఎదురు బ్లాకు నాలుగో అంతస్తులో ఉండే నర్సమ్మగారు గత మంగళవారం పొద్దున చనిపోయారు. ఆ కబురు నాకెవరూ చెప్పలేదు. మా పదకొండో అంతస్తు బాల్కనీలో నిలబడి, కిందికి దిగే దారి లేక, ఆవిడను అంబులెన్సులోకి ఎక్కించడం చూశాను. మొహం మీదికి దుప్పటి కప్పి ఉంది. ఇక ఎవరైనా చెప్పడానికి ఏం మిగిలింది?

దారి లేక అన్నాను. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా అమ్మాయీ అల్లుడూ మణికొండ నుంచి మాదాపూర్‌కు పొద్దున ఏడు కాకుండానే బయల్దేరతారు. పోతూ పోతూ ముందు తలుపుకున్న ఇనుప గ్రిల్లుకు బయట తాళం వేస్తారు. రెండేళ్ల కిందట నేను పాత పుస్తకాల దుకాణం ఒకటి వెతుక్కుంటూ వెళ్లి, కాళ్లు వాచి, మెట్రో స్టేషను మెట్ల మీద కూలబడ్డాను. నాన్న దారి తప్పాడని మా ఇంట్లో నిర్ణయమైపోయింది. నలభై ఏళ్లు కోస్తాలో గ్రంథాలయం నడిపినవాణ్ణి. ఏ పుస్తకం ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. దారి తప్పలేదమ్మా, దుకాణమే ఎత్తేశారు అంటే ఎవరు వింటారు? ఖైదీలు రాసుకున్న పుస్తకాలు చాలానే చదివాను. వాళ్లకు కనీసం తమ తప్పేమిటో చెప్పారు.

నర్సమ్మగారు సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. తమ్ముడి కొడుకు కొన్న ఫ్లాట్లో ఒంటరిగా ఉండేవారు. మా అపార్ట్‌మెంట్లలోని ముసలివాళ్లనూ, అద్దెకుండే కుర్రకారునూ కలిపి ఆవిడే ఒక క్లబ్బు పెట్టారు. ఆ కుర్రవాళ్లు మాకు ఆస్పత్రి అపాయింట్‌మెంట్లు తీసిపెట్టాలి, మందులు తెచ్చివ్వాలి. మేము వాళ్ల బిడ్డలను స్కూలు బస్సు దగ్గర దించుకోవాలి, జ్వరమొస్తే జావ కాచివ్వాలి. ఊరికే తీసుకునేవాళ్లకు ఆ క్లబ్బులో చోటు లేదు. నేను దానికి ముసలాళ్ల భజన అని పేరు పెట్టాను.

అది విని ఆవిడ నేరుగా మా గ్రిల్లు ముందుకొచ్చారు. నమస్కారం లేదు. ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి నా మణికట్టు పట్టుకున్నారు. ఎవరిని కలిసినా అదే పలకరింపు. గడియారం చూడకుండా నాడి చూసేవారు.

"ఏంది సారు, గిట్ల బందీ చేసి కూసోవెట్టిన్రా మిమ్మల్ని?"

"నా ఆరోగ్యానికి మంచిదటండి."

"నాడి మంచిగనే ఉన్నది. నోరే జర గరం."

ఆ సాయంత్రం మా అమ్మాయిని లిఫ్టు దగ్గర పట్టుకున్నారు. "బిడ్డా, తాళం ఏసుడు నీ ఇష్టం. ఇంకో తాళంచెవి మాత్రం నాకియ్యి. నిప్పంటుకుంటే సారు పదకొండో అంతస్తు కెల్లి దుంకుతడా?" మర్నాడే మా అమ్మాయి ఇంకో తాళంచెవి చేయించి ఇచ్చింది. ఆనాటి నుంచి రోజూ పదింటికి ఆవిడే వచ్చి నా గ్రిల్లు తీసి కిందికి తీసుకుపోయేవారు. క్లబ్బు జరిగేది సెల్లారులో, జనరేటరు పక్కన, అతిథుల కార్లు పెట్టే చోట. పైన ఏసీ క్లబ్ హౌస్ ఉంది. సొసైటీ అధ్యక్షులవారు దాన్ని మాకు ఎన్నడూ ఇవ్వలేదు. పుట్టినరోజు పార్టీలకు ఇచ్చేవారు.

నాకూ ఒక పని పెట్టారు. ఒంటరిగా పడుకునేవాళ్లు పొద్దున లేవగానే బాల్కనీ కడ్డీకి తువ్వాలు కట్టాలి. ఏడు లోపల ఎవరి తువ్వాలు కనబడకపోతే వాళ్ల తలుపు కొట్టడానికి నేను ఫోను చేసి మనిషిని పంపాలి. ఫోన్లు చూడని ముసలివాళ్ల కోసం ఆవిడ కనిపెట్టిన పద్ధతి ఇది.

"మీరెట్లాగు బాల్కనీలనే ఉంటరు. లోకాన్ని తిట్టుకుంట కూసునే బదులు తువ్వాళ్లు చూడుండ్రి సారు."

"నాకెవరి సాయమూ అక్కర్లేదండీ."

"సాయం తీసుకునుడు గూడ ఒక పనే. మీకది రాదు. నేర్పిస్త."

అలా పదకొండు తువ్వాళ్లకు నేను కాపలాదారునయ్యాను. అన్నిటికంటే ముందు ఆవిడదే పడేది, ఆరింటికల్లా. దవాఖాన రంగు ఆకుపచ్చ తువ్వాలు, రెండు నీలం క్లిప్పులు. పక్క బ్లాకు తొమ్మిదో అంతస్తులో కడప నుంచి వచ్చి ఒంటరిగా ఉండే అమ్మాయి ఉంది, ఇంట్లోనే కూర్చుని ఆఫీసు పని చేస్తుంది. ఆ పిల్ల చేత కూడా నారింజరంగు చున్నీ ఒకటి కట్టించారు. "నేనేం ముసలిదాన్నా?" అని ఆ పిల్ల నవ్వితే, "వయసులున్నోళ్లు కింద పడరా? లేపెటోళ్లు లేకుంటే అందరొక్కటే" అన్నారు. నాకు ఆ పని మీద ఇష్టం కలిగిందని ఆవిడకు ఏనాడూ చెప్పలేదు.

పోయిన నెలాఖరులో సొసైటీ నోటీసు అంటించింది. బాల్కనీల్లో గుడ్డలు కడితే భవనం అందం చెడుతోందట, వెంటనే తీసెయ్యాలట. సెల్లారులో నర్సమ్మగారు లేచి నిలబడ్డారు. "ఎవ్వరు తియ్యకుండ్రి. అందం గావాల్నంటే పూలకుండీలు వెట్టుకోమనుండ్రి. మనిషి లేచిండా లేదా అని పూలు చెప్తయా?" అందరూ చప్పట్లు కొట్టారు. ఆదివారం పొద్దున మూడు తువ్వాళ్లు మాయమయ్యాయి. మనుషుల్ని పంపితే, లేచే ఉన్నారు, నోటీసుకు భయపడి తీసేశారు. సోమవారం మరో ఐదు.

మంగళవారం నాలుగో అంతస్తు కడ్డీ ఖాళీగా ఉంది.

నేను ఆరున్నరకు చూశాను. చూసి, ఈవిడ కూడా లొంగిపోయిందనుకున్నాను. మనుషులు ఎంత తేలిగ్గా లొంగుతారో పుస్తకాల్లోనూ ఇంట్లోనూ చూసిన నాకు అది వింతగా తోచలేదు. నిజం చెప్పాలంటే కొంచెం తృప్తిగా కూడా ఉంది. కాఫీ తాగుతూ, పదింటికి ఆవిడ తాళం తీయడానికొస్తే అనవలసిన మాట ఒకటి తయారు చేసుకున్నాను. "ఏం నర్సమ్మగారూ, జెండా దించేశారా?" బాగా కుదిరిందనుకున్నాను. దాన్నే అటూ ఇటూ మార్చి చూసుకుంటూ కూర్చున్నాను. ఈలోగా అమ్మాయీ అల్లుడూ తాళం వేసుకుని వెళ్లిపోయారు.

ఎనిమిది దగ్గర పడుతుండగా ఒక సంగతి తట్టింది. తువ్వాలు తీసేసే మనిషైతే క్లిప్పులు కూడా తీసేది కదా. క్లిప్పులు కడ్డీ మీదే ఉన్నాయి. ఫోను చేశాను. మోగి మోగి ఆగింది. గ్రిల్లు దగ్గరికి వెళ్లి ఊపాను. నా తాళంచెవి ఉన్నది ఆవిడ దగ్గర. గేటు దగ్గరి సెక్యూరిటీకి ఫోను చేశాను.

"అంకుల్, మేం ఊకె పోయి తలుపు కొట్టొద్దు. ఫ్లాట్ ఓనర్ యాప్‌ల ఓకే చెయ్యాలె. ఫికర్ చెయ్యకుండ్రి, పడుకున్నట్టున్నరు."

"ఆవిడ ఆరింటి తరవాత ఎన్నడూ పడుకోలేదయ్యా."

తొమ్మిదో అంతస్తు అమ్మాయికి చేశాను. ఒక్క ప్రశ్న అడగలేదు. "పోతాండా తాతా" అంది. నర్సమ్మగారి ఇంటి తాళంచెవి ఒకటి ఆ పిల్ల దగ్గరుంది. పైనుంచి చూస్తున్నాను. చెప్పుల్లేకుండా, ఆఫీసు మాటల హెడ్‌సెట్ చెవులకు అలాగే ఉండగా, ఆవరణ దాటి పరుగెత్తింది.

మధ్యాహ్నం ఆ పిల్ల నా గ్రిల్లు అవతలికి వచ్చి నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నర్సమ్మగారు బాల్కనీ గుమ్మంలో పడి ఉన్నారట, చేతిలో తువ్వాలుతో.

"డాక్టరు ఏమన్నాడమ్మా?"

"గుండె అన్న్యాడు తాతా."

"ఎప్పుడట?"

గోడ వైపు చూసింది. "తెల్లారినాక."

"ఎంతసేపటికి?"

"వద్దులే తాతా."

ఆ రోజు ఆరింటికే తెల్లారింది. నేను చూసింది ఆరున్నరకు. పిలిచింది ఎనిమిదింటికి.

శనివారం సంతాపసభ పెట్టారు, ఏసీ క్లబ్ హౌస్‌లోనే. ఆవిడ ఆ గదిలోకి రావడానికి ఫొటోగా మారవలసి వచ్చింది. నోటీసు మీద సంతకం పెట్టిన అధ్యక్షులవారు మైకు పట్టుకుని ఆవిడ సేవల గురించి మాట్లాడారు. నేను లేచి, "ఆ నోటీసు తీసేస్తున్నారాండీ?" అని అడిగాను. "పెద్దవారు, ఇది సందర్భం కాదండి" అన్నారు. అయినా ప్రశ్న అడగాల్సింది ఆయన్ని కాదని నాకు తెలుసు. ఆయన అందం చూసుకున్నాడు. నేను మాట అందం చూసుకున్నాను. ఆ గంటన్నర నాది.

నన్ను సభకు దించింది కడప అమ్మాయే. నర్సమ్మగారి తాళాల గుత్తిలో మందుల అట్టముక్క కట్టిన తాళంచెవి ఒకటి దొరికింది. దాని మీద "సారు" అని రాసి ఉంది. మా అమ్మాయి అది తిరిగి ఇమ్మని అడిగింది.

"నాన్నా, మీ మంచికే కదా."

"అది ఆ పిల్ల దగ్గరే ఉండాలమ్మా. నా తువ్వాలు చూసేది ఇకమీద తనే" అన్నాను. సాయం అడగడం నాకు అదే మొదలు. మా అమ్మాయి తాళంచెవి ఆ పిల్లకే వదిలేసింది. తాళం మాత్రం ఇప్పటికీ వేస్తోంది.

ఆరింటికి నా తువ్వాలు కట్టి, నారింజరంగు చున్నీ కనబడేదాకా నిలబడతాను. అది పడ్డాక కూడా లోపలికి పోబుద్ధి కాదు. నాలుగో అంతస్తు తలుపులు మూసి ఉన్నాయి. కడ్డీ మీద ఆ రెండు నీలం క్లిప్పులు, తువ్వాలు వెడల్పంత ఎడంగా, ఇంకా అలాగే ఉన్నాయి.