ఫైబరు పెట్టెలూ, మూసిన తలుపూ

మొన్న పక్కింటివాళ్లు ఇనప గేటుకు పాత రంగు తీయిస్తుంటే, వంటింట్లో దోసకాయ తరుగుతున్న నాకు కిటికీలోంచి ఆ వాసన వచ్చింది. మొదట మగ్గిన పండులా తియ్యగా ఉంటుంది. రెండోసారి పీలిస్తే ముక్కు మండుతుంది, మూడోసారికి తల తేలిపోతుంది. కత్తిపీట వదిలేసి వాకిట్లోకి పరిగెత్తాను. ఆ పెయింటరు ఆరుబయట, గాలికి వీపు పెట్టి, చేతులకు రబ్బరు తొడుగులతో నిక్షేపంగా పని చేసుకుంటున్నాడు. "ఏమక్కా?" అన్నాడు. ఏమని చెప్పను? యాభైకి దగ్గర పడుతున్న ఆడమనిషి రంగు తీసే మందు వాసనకు భయపడిందంటే నవ్వరూ! మంచినీళ్లు కావాలా అని అడిగి లోపలికి వచ్చి, వంటింటి కిటికీ మూసేశాను.

మా నాయన కావలిలో మోటారుసైకిళ్లకు రంగులేసేవాడు. మేం ముస్లింలమే అయినా ఇంట్లో మాటంతా తెలుగే, రంజాను ఉపవాసాన్ని, అంటే రోజాను కూడా ఒక్కపొద్దనే అనేవాళ్లం. ఆ ఏడు రంజాను నడి వేసవిలో పడింది. పొద్దుటి నుంచి వీధంతా పెనంలా కాలి, మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి తిరిగేది. ఆ గాలికి దండేల మీది చీరలు ఎగిరేవి, పండక్కి మంచం మీద ఆరబోసిన సేమియా మీద జేజి, అంటే మా నాయనమ్మ, తడిగుడ్డ కప్పేది, ఒక్కపొద్దు విడిచేవాళ్ల కోసం మసీదు వెనక కాగుల్లో ఉడికే గంజి పుదీనా వాసన మా ఇంటిదాకా వచ్చి, పగలంతా నాలుగుసార్లు తిని కూడా ఒక్కపొద్దున్నానని చెప్పుకునే నాకు నోరూరేది. అందరికీ హాయిగా ఉండే ఆ గాలంటే నాయనకు మాత్రం పడేది కాదు. అది తెచ్చే ఇసకంతా తడి రంగు మీదే వాలేది. ఒకరోజు నేను ఆయన రంగులేసే షెడ్డు తలుపు ధభాలున తీసి, మెరుస్తున్న పెట్రోలు ట్యాంకును ఇసకలో దొర్లించిన బెల్లం ముద్దలా గరుకుగా చేశాను. ఎన్నడూ చెయ్యెత్తని మనిషి ఆరోజు చెయ్యెత్తి, కొట్టకుండా దించుకున్నాడు. కొట్టి ఉంటేనే నయం. ఆ చెయ్యి నా కళ్ల ముందు నుంచి పోలేదు.

ఆ మర్నాడు బోగోలు నుంచి రొయ్యల గుంటలున్న ఒకాయన తన బండి పక్కలకు తగిలించే ఫైబరు పెట్టెలు రెండు తెచ్చాడు. మూడు నాలుగు వరసల పాత రంగు, పెచ్చులుగా లేచి ఉంది. పండక్కి ముందే కావాలన్నాడు. నాయన అంతవరకు ఇనుము తప్ప మరొకటి ఎరగడు. ఇనుముకు పద్ధతేమిటంటే, జిగురులాంటి మందు మందంగా పూసి, రంగు ఉబ్బగానే రేకుతో గీకెయ్యడం. గాలి తగిలితే ఆ మందు ఊరికే ఆరిపోతుంది. మళ్లీ రంగేసిన ట్యాంకూ అదే షెడ్డులో ఆరుతోంది. అందుకని రేకు తలుపు లాగి, కింది సందులో తడి గోతాం కుక్కమని నాకు చెప్పాడు.

"నేను పిలిచిందాకా తలుపు తీయబాకు. తీస్తివా, ఈసారి ఊరుకోను."

గోతాం కుక్కి, వేపచెట్టు నీడన తలుపుకు ఆనుకుని కూచున్నాను. లోపల రేకు గీకుతున్న చప్పుడు వినపడుతోంది. కొంతసేపటికి అది వేగం పుంజుకుంది. రంగుతోపాటు పెట్టె పైపొర కూడా మెత్తబడి ముడతలు పడిందనీ, పెట్టె పాడైపోతోందన్న కంగారులో మందంతా ఎలాగైనా తీసెయ్యాలని బయటికి రాకుండా గీకాడనీ తర్వాత నాయనే చెప్పాడు. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. ఏదో కిందపడింది. అప్పుడే మసీదులో, పొద్దు వాలకముందు చేసే అసర్ నమాజుకు పిలుపు మొదలైంది.

"నాయనా" అన్నాను, మెల్లగా. పలకలేదు. లేచి జేజి దగ్గరికి పోయాను.

"ఒక్కపొద్దు నీరసమే. నడుం వాల్చుంటాడు, లేపబాకు" అంది జేజి, సేమియా మీంచి కళ్లు తిప్పకుండా. ఆ ఎండల్లో మధ్యాహ్నానికి సొమ్మసిల్లి పడుకోని మగవాడు మా వీధిలో లేడు, ఆమెను తప్పుపట్టలేను. తిరిగొచ్చి మళ్లీ తలుపు దగ్గర కూచున్నాను. లోపల ఏదో సరిగ్గా లేదని నాకు తెలుసు. తీస్తే తంతాడనీ తెలుసు. ఆ రెండు భయాల మధ్య గోళ్లు కొరుక్కుంటూ కూచున్నాను. నమాజుకు పోయినవాళ్లు పోయారు, అయిపోయి తిరిగొచ్చారు, గంజి కోసం పిల్లలు గిన్నెలు మోగించుకుంటూ నా ముందునుంచే పరిగెత్తారు. నేను మాత్రం కదల్లేదు.

చివరికి తలుపు రేకులో మేకు పోయిన చిల్లుకు కన్ను ఆనించాను. నాయన గోడవారగా పక్కకు ఒరిగి ఉన్నాడు. కుడి చెయ్యి మందు పోసిన పళ్లెంలో పడి ఉంది. ఆ మందు చుక్క పడితే తేలు కుట్టినట్టు ఎగిరి నీళ్ల తొట్టి దగ్గరికి పరిగెత్తే మనిషి! నిద్రపోతున్నవాడైతే ఆ చెయ్యి తీసుకోడా?

గోతాం ఎలా లాగానో, తలుపు ఎలా తీశానో తెలియదు. లోపలి గాలి ముఖానికి కొట్టి కళ్లు బైర్లు కమ్మాయి. నా అరుపుకు అమ్మ, వెనకే వీధి మగవాళ్లు వచ్చి, కాళ్లూ చేతులూ పట్టి ఆయన్ని వేపచెట్టు కిందికి మోసుకొచ్చారు. సముద్రం గాలి తగిలిన కాసేపటికి కళ్లు తెరిచాడు. అమ్మ నీళ్ల చెంబు నోటికి పెడితే పెదాలు బిగించి, "ఇంకా పొద్దుండాదే" అన్నాడు. అమ్మ చెంబు పక్కన పెట్టి గొల్లుమంది.

ఆసుపత్రిలో చేతికి కట్టు కడుతూ డాక్టరు, "ఇంకో పది నిమిషాలు ఆ గదిలోనే ఉంటే మనిషి దక్కేవాడు కాదు" అన్నాడు. అందరూ నా తల నిమిరారు. చప్పుడు ఆగిన ఎంతసేపటికి తీశావని ఎవరూ అడగలేదు; నేను కొరికిన గోళ్లు వీపు వెనక దాచుకున్నాను.

పెట్టెలాయన పాడైన పెట్టె గురించి ఒక్క మాటా అనలేదు. పైగా తీరంలో ఫైబరు పడవలు బాగుచేసే ఒకతన్ని వెంటబెట్టుకొచ్చాడు. అతను పెట్టెను గోటితో నొక్కి చూసి, "ఫైబరుకి మందు పెట్టబాకన్నా. నీళ్లు, వాటర్ పేపరు, ఓపిక, అంతే" అన్నాడు. చెయ్యి మానాక నాయన రెండో పెట్టెను చెట్టు కింద పెట్టుకుని, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, పొడి లేవకుండా నేను చెంబుతో నీళ్లు పోస్తుంటే, ఆ గరుకు కాగితంతో రోజంతా మెల్లగా రుద్దాడు. నలుపు కింద పచ్చ, పచ్చ కింద ఎరుపు, చివరికి నున్నటి తెల్లటి పొర కనపడగానే ఆపేశాడు. అది దాటితే లోపలి గాజుపీచు తేలి ఒళ్లంతా దురదట. ఆ పనంతసేపూ నాయన చేతులకేసి కాదు, ఆయన ముఖంవైపే చూస్తూ ఉన్నాను.

ఇప్పుడా షెడ్డు లేదు, ఆ చోట సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. వేపచెట్టు రోడ్డు వెడల్పులో పోయింది. సేమియా పొట్లాల్లో వస్తోంది, గంజికి గిన్నె మోగిస్తూ పరిగెత్తే పిల్లలు కనిపించడం లేదు. జేజి పోయి చాలా ఏళ్లయింది. నాయన ఉన్నాడు. ఎనభై దగ్గరపడినా ఒక్కపొద్దు వదలడు, ఇంటికి ఎవరొచ్చినా ఆ కథ చెప్పకుండా వదలడు.

"గీకే సప్పుడు ఆగిందో లేదో, తలుపు తీసేసినాది నా బిడ్డ. లేకుంటే నేను యాడుండా?"

మొన్న రంజానులో పొద్దు వాలేవేళ అందరం ఖర్జూరాలు ముందు పెట్టుకుని కూచుని ఉండగా మళ్లీ చెప్పాడు. నా కూతురు నావైపు తిరిగి, "చప్పుడు ఆగగానే తీసేశావా అమ్మా? భయం వెయ్యలేదా?" అని అడిగింది. నాయన ఆ మచ్చల చెయ్యి నా భుజం మీద వేసి, నా నోటినుంచి వినాలని నవ్వుతూ చూస్తున్నాడు.

"ఆగగానే తీశాను" అన్నాను.