తనకల్లు అల్లుడు

"అల్లుడు చనిపోయినాడంట అక్కా" అని కేబులాయన ఫోన్ చేసినప్పుడు నేను బడిలో తొమ్మిదో తరగతి పరీక్ష కాగితాలు దిద్దుతున్నాను. కామెర్లు ముదిరి, ముదిగుబ్బ దగ్గర వాళ్లమ్మ పుట్టిన ఊళ్లో, పొద్దున్నే ప్రాణం పోయిందట. ముప్పై అయిదేళ్లు కూడా నిండలేదు. నాకు ఇద్దరూ కొడుకులే, కూతుళ్లు లేరు. అయినా ధర్మవరంలో అల్లుడు అంటే అతనొక్కడే, అతనికి అత్తను నేనొక్కదాన్నే. ఈ చుట్టరికం ఎలా కలిసిందో తెలియాలంటే పదేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

తొంభైల చివర్లో మా వీధులకు కేబుల్ టీవీ ఇచ్చే ఆయనే పెళ్లిళ్లకు వీడియో కూడా తీసేవాడు. శూన్యమాసం వస్తే పెళ్లిళ్లుండవు, కెమెరా బీరువాలో పడుకుంటుంది. అట్లాంటి ఒక నెలలో మా ఇంటికొచ్చి కూర్చుని, "టీవీలో అందరూ కోస్తా మాటలే మాట్లాడుతాండారక్కా. మన మాట మాట్లాడే నవ్వుల నాటకం ఒగటి మనమే తీద్దాం. నువ్వు రాయి" అన్నాడు. తెలుగు టీచరును కదా, రాయమంటే రాయనంటానా? పాత పరీక్ష కాగితాల వెనక రాసేశాను. ధర్మవరంలో ఒక గయ్యాళి అత్త. తనకల్లు అనే ఊరి నుంచి ఆ ఇంటికి ఇల్లటం వచ్చిన, పని చేతకాని, పౌరుషం మాత్రం మెండుగా ఉన్న అల్లుడు. అంతే కథ. పేరు కూడా 'తనకల్లు అల్లుడు' అనే పెట్టాం.

అత్త వేషానికి ఎవరూ ఒప్పుకోక, ముప్పై నాలుగేళ్ల వయసులో ముఖానికి రాసుకునే పౌడరు జుట్టుకు పూసుకుని నేనే ముసలిదాన్నయ్యాను. అల్లుణ్ణి తెచ్చింది కూడా నేనే. అది మరిచిపోయే మాట కాదు, అందుకే ముందుగా చెబుతున్నాను. అతను నా దగ్గర పదో తరగతి చదివాడు. తరగతిలో వెనక నుంచి నా గొంతుతోనే పాఠం చెప్పి, నా చేత దెబ్బలు తిన్నవాడు. పదితో చదువు ఆపి, వాళ్ల నాయన పక్కన మగ్గం గుంతలో కూర్చున్నాడు. ఇరవై మూడేళ్లవాణ్ణి నేనే వెళ్లి పిలుచుకొచ్చాను. మొదటి రోజు "మేడం" అన్నాడు. రెండో ఆదివారానికి "అత్తా" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ మేడం అనలేదు.

మా ఇంటి పడసాలే నాటకంలో అత్తారిల్లు, మా వీధి తలుపే నాటకంలో తలుపు. ప్రతి ఆదివారం పది గంటలకు, కరెంటు ఉంటే, పావుగంట సేపు వేసేవాడు కేబులాయన. ప్రతి వారం చివర ఒకటే తంతు. అల్లుడికి అవమానం జరుగుతుంది. గుడ్డసంచి భుజాన వేసుకుని, గడప మీద నిలబడి, "పోతాండా అత్తా. ఇంగ రాను" అంటాడు. పోతాడు. కెమెరా ఖాళీ తలుపును చూపిస్తూ ఉంటుంది. నేను మనసులో అయిదంకెలు లెక్కపెట్టేదాన్ని. అయిదు అనేసరికి తలుపు పక్కనుంచి తల ఒక్కటే లోపలికొచ్చేది. "తువ్వాలు మర్చిపోయినా అత్తా." ఒక వారం తువ్వాలు, ఒక వారం చెప్పులు, ఒక వారం పొయ్యి మీద ఉగ్గాని వాసన. నేను అతని వైపు చూడకుండానే, "వచ్చినావా? కాళ్లు కడుక్కోని రా, అన్నం పెడతా" అనేదాన్ని. అక్కడితో ఆ వారం ఆట అయిపోయేది.

కాళ్లు కడుక్కోవడం వెనక కూడా ఒక కథ ఉంది. మొదట్లో ఒకసారి అతని నెత్తిన బిందెడు నీళ్లు కుమ్మరించే ఘట్టం రాశాను. అది ఎండాకాలం, కొళాయి ఎనిమిది రోజులకొకసారి వచ్చే రోజులు. సోమవారం పొద్దున నలుగురు ఆడవాళ్లు మా గుమ్మంలో నిలబడ్డారు. "ఏం టీచరమ్మా, మా ఇండ్లల్లో పిల్లోళ్లకు తాగేకి లేవు. మీరు నవ్వేదానికి బిందెడు నీళ్లు నేలపాలు చేస్తిరే!" నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి మా నాటకంలో ఒక్క చుక్క నీళ్లు పోయలేదు. అతను ఖాళీ చెంబుతో కాళ్లు కడుక్కునేవాడు. వంచిన చెంబును ఎంత లాఘవంగా తిప్పేవాడంటే, సంతలో ఒక అవ్వ నన్ను ఆపి, "మీ అల్లునికి కాళ్లకు అన్ని నీళ్లు ఎందుకమ్మా, రోంత తక్కువ పోసుకోమను" అంది.

కానీ ఊరు పడిచచ్చింది అతని ఏడుపుకు. కింది పెదవి ముందు వణికేది. తర్వాత ఒక్క ముక్కుపుట మాత్రం లేచేది. ఆ తర్వాత గొంతులోంచి ఒక సన్నటి కూత మొదలై, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా సాగిపోయేది. పిల్లలు వీధుల్లో ఆ ఏడుపు ఏడ్చుకుంటూ తిరిగేవాళ్లు. "ఎట్లా పట్టినావప్పా దీన్ని?" అని ఒకసారి అడిగాను. "పట్టేదేముందత్తా? నా ఏడుపే అంత. చిన్నప్పట్నించీ నాకు వేరే ఏడుపు రాదు" అన్నాడు. దానికీ నవ్వాను.

రెండో ఏడు వాళ్ల నాయన పోయాడు, మగ్గం మీదే, గుండె ఆగి. ఊరంతా వచ్చింది. శవాన్ని ఎత్తుతుండగా అతని పెదవి వణికింది. ముక్కుపుట లేచింది. కూత మొదలైంది. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆపుకోలేక ఇంకొకరు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. చెడ్డవాళ్లు కాదు వాళ్లు, ఏడాదిన్నరగా ఆ ఏడుపుకు నవ్వడం అలవాటైపోయినవాళ్లు. నాకు ఒళ్లు మండి, "సిగ్గులేదా మీకు? నాయన సచ్చి ఆ పిల్లోడు ఏడుస్తాంటే నవ్వుతారా?" అని అరిచాను. నేను మాత్రం వాళ్లలో దాన్ని కాననే అనుకున్నాను. అతను ఏడుపు మధ్యలో ఆపేశాడు. కట్టె అంటుకునేదాకా మళ్లీ ఏడవలేదు.

తాగుడు ఆ తర్వాతే మొదలైంది. బ్రాందీ అంగడి దగ్గర "అల్లుడూ, ఒగసారి ఏడ్చి చూపీ, ఇదో పోస్తాండా" అనేవాళ్లట. ఏడ్చి చూపించేవాడట. మగ్గం దగ్గర కూర్చుంటే కిటికీ నిండా ముఖాలు. చీర సగంలో వదిలేసి లేచిపోయేవాడు. షూటింగుకు వస్తే మాటలు మర్చిపోయేవాడు, లేకపోతే అసలు రాడు. నేను తిట్టాను. టీచర్లకు చేతనైంది అదే కదా. "ఇంతమంది నవ్వుతాండారంటే అదృష్టం కాదా నీకు?" అన్నాను. అతను నా వైపు చూసి, "నువ్వు యాడికన్నా పోయి పౌడరు కడుక్కుంటే టీచరమ్మవైతావు అత్తా. నేనేం కడుక్కోవల్ల?" అన్నాడు. ఆ మాటను మరుసటి వారం నాటకంలో పెట్టుకుందామా అని ఆలోచించాను. అంత తెలివిగలదాన్ని నేను.

ఒక శనివారం సాయంత్రం పడసాలలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. మరుసటి రోజు మధ్యాహ్నం షూటింగు ఉంది. తల ఎత్తితే గడప మీద అతను. తాగి లేడు, తల దువ్వుకుని శుభ్రంగా ఉన్నాడు. భుజాన గుడ్డసంచి. "పోతాండా అత్తా. ఇంగ రాను" అన్నాడు.

నేను నవ్వాను. పళ్లన్నీ కనబడేలా నవ్వాను. బాగుపడ్డాడు, రేపటికి సాధన చేస్తున్నాడు అని సంతోషించాను కూడా. "తువ్వాలు మర్చిపోయినావేమో చూసుకో" అన్నాను. అతను కాసేపు నన్నే చూశాడు. తర్వాత తనూ కొంచెం నవ్వి, భుజం మీది తువ్వాలు తట్టి చూపించాడు. "ఉండాదిలే అత్తా." గడప దిగాడు. నేను చాట ఒళ్లో పెట్టుకుని, ఖాళీ తలుపును చూస్తూ, అలవాటు కొద్దీ అయిదంకెలు లెక్కపెట్టాను. పది కూడా లెక్కపెట్టాను. అప్పటికీ నాకు అర్థం కాలేదు. "బాగా ఆలస్యం చేస్తాండాడు, రేపు ఇట్లే చేయమనల్ల" అనుకుని మళ్లీ రాళ్లు ఏరుకున్నాను.

ఆదివారం వాళ్లింటికి తాళం. తల్లిని తీసుకుని ఊరు వదిలేశాడని పక్కింటివాళ్లు చెప్పారు. ఎక్కడికో వాళ్లకూ తెలియదు. నాటకం అక్కడితో ఆగిపోయింది. కేబులాయన దగ్గర ఉన్నవి మూడే క్యాసెట్లు. ఈ వారం దాని మీదే వచ్చే వారం ఎక్కించేవాడు, కాబట్టి పాతవేవీ మిగల్లేదు. మిగిలిన వాటి మీద కూడా పెళ్లిళ్లు ఎక్కాయి. రెండేళ్లు ఊరిని నవ్వించిన నాటకం జనం నోళ్లలో తప్ప ఎక్కడా లేకుండా పోయింది.

అయిదారేళ్లకు, కదిరి పోయే బస్సు ముదిగుబ్బలో ఆగితే, కిటికీలోంచి అతన్ని చూశాను. గొర్రెలకు మందు కొనేదానికి వచ్చాడట. దిగిపోయాను, బస్సు వెళ్లిపోయింది. మనిషి నల్లబడి, చిక్కి, కళ్లలో పచ్చదనం. తాగడం మానేసి చాలా రోజులైందన్నాడు. చెట్టు లేని ఆ బస్టాండులో ఒక గోడ నీడన కూర్చున్నాం. ఏళ్లుగా గొంతులో పెట్టుకున్న మాట అడిగేశాను. "ఆ పొద్దు నువ్వు నిజంగానే పోతాండావని నాకు తెలీదప్పా. నా మింద కోపమా?"

అతను ఉడకబెట్టిన శెనక్కాయల పొట్లం విప్పుతూ చెప్పాడు. "కోపమేం లేదత్తా. ఉండప్పా అంటావేమోనని వచ్చినా. అంతే."

క్షమించమని అడగాలనుకున్నాను, అడగలేదు. ఏడ్చాను. అతను కంగారుపడి పొట్లం నా చేతిలో పెట్టాడు. "తిను అత్తా, వేడిగుండాయి." ఇంకో బస్సు వచ్చేదాకా గొర్రెల గురించి మాట్లాడాడు. ఏ గొర్రె ఎప్పుడు ఈనుతుందో, ఏది మందలో నిలవదో. నవ్వే మాట ఒక్కటీ చెప్పలేదు. బస్సు ఎక్కించి, అది కదిలేదాకా నిలబడ్డాడు. మా ఇంటికి రమ్మన్నాను. చూద్దాంలే అన్నట్టు తల ఊపాడు. రాలేదు.

ఫోన్ వచ్చిన రోజు నేనూ కేబులాయనా ఆ ఊరికి వెళ్లాం. జనం బాగానే వచ్చారు. ఒక్కరూ నవ్వలేదు. "మాట తక్కువ మనిషి. గొర్రెలతో తప్ప మనుషులతో మాట్లాడేవాడు కాదు" అన్నారొకరు. మేం తెల్లబోయి వాళ్లమ్మ వైపు చూశాం. ఆవిడ నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది. "నాటకం సంగతి ఈడ ఎవురికీ చెప్పొద్దన్నాడమ్మా. నీ గురించి మాత్రం నాతో చెప్పేవాడు. మా అత్త, మా అత్త అని." చెప్పాలని నాకు ఎంత ఉబలాటంగా ఉందో చెప్పలేను. మీకు తెలియదు, ఈ మనిషి ధర్మవరాన్ని ఆదివారం పది గంటలకు కదలకుండా కూర్చోబెట్టాడు అని అరవాలనిపించింది. నోరు మూసుకున్నాను. అతనికి నేను చేసిన ఒక్క మంచి పని అదేనేమో.

పదిహేను రోజుల తర్వాత కేబులాయన ఆఫీసుకు రమ్మన్నాడు. పాత పెళ్లి క్యాసెట్లు పారేసే ముందు ఒక్కొక్కటీ చూస్తున్నాడట. "ఈ పెండ్లి చిన్నదక్కా. దీని కింద మన షూటింగు దీనికంటే పెద్దదున్నట్టుంది. పెండ్లి అయిపోయినాంక తోక మిగిలింది. చూడు" అని తిప్పాడు. ఎవరో పెళ్లికూతురు కారెక్కింది. తెర ఒక్కసారి గీతలు గీతలైంది. తర్వాత మా ఇంటి తలుపు.

మిగిలింది అర నిమిషం కూడా లేదు. అతను వెళ్లిపోయే భాగం పెళ్లి కింద చెరిగిపోయింది. ఉన్నది తిరిగొచ్చే భాగమే. తలుపు పక్కనుంచి తల వచ్చింది, పాతికేళ్ల ముఖం. "తువ్వాలు మర్చిపోయినా అత్తా." నేను తెరలో కనబడను, గొంతు మాత్రం వినిపిస్తుంది. "వచ్చినావా? కాళ్లు కడుక్కోని రా, అన్నం పెడతా." ఆ శనివారం సాయంత్రం అనాల్సిన మాట, అతను వినడానికి వచ్చిన మాట, అంత సులువుగా అనేసింది ఆ పౌడరు జుట్టు ఆడమనిషి. ఇప్పుడు నా జుట్టుకు పౌడరు అక్కర్లేదు.

"ఇంగోసారి వెయ్యి" అన్నాను. మళ్లీ వేశాడు. అతను సంచి గోడకు ఆనించి, గడప పక్కన వంగి, ఖాళీ చెంబు వంచాడు. నీళ్లు చల్లగా తగిలినట్టు వేళ్లు ముడుచుకున్నాడు. ఒక కాలు, తర్వాత రెండో కాలు, మడమ దాకా రుద్ది, తడి విదిలించుకుని, లోపలికి రావడానికి పాదం ఎత్తాడు.