రైలు తాగాకే ఊరు

మా ఊరి స్టేషన్‌కు చరిత్ర రాయించాలని సంకల్పించిన పెద్దమనిషి ఒకరోజు ఫోన్ చేశాడు.

"సెల్లెమ్మా, బడికెల్లకపోయినా నువ్వు బాగా రాత్తావు గదా. నాలుగు ముక్కలు రాసి పంపు, బోర్డు మీదకి ఎక్కిత్తాను."

ఆయనది మా ఊరే. విశాఖలో కాంట్రాక్టులు చేసి, ఒంటికీ మాటకీ కొవ్వు పట్టాక, స్టేషన్ అభివృద్ధి సంఘానికి తనే అధ్యక్షుడై కూర్చున్నాడు.

ఒడిశా సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న చిన్న స్టేషన్ అది. పాసింజరు తప్ప ఏదీ ఆగదు. మా అమ్మ నాకు అక్షరాలు నేర్పింది అక్కడి పసుపు బోర్డు చూపించే. తెలుగు పక్కనే ఒరియా గుండ్రంగా ఉండేది. దువ్వాడలో కాపురం పెట్టి ఇన్నేళ్లయినా ఆ రుణం మరిచిపోలేదు. రాస్తానన్నాను.

ఇంకో ఆశ కూడా ఉంది. ప్లాట్‌ఫారం చివర ఒక నుయ్యి ఉంది. దాన్ని మూసేసి, ఫొటోలు దిగడానికి అరుగు కడతారని మా మేనత్త అన్నం మానేసింది. చరిత్రలో నుయ్యి ఉంటే మూయడానికి సిగ్గుపడతారనుకున్నాను. వాళ్ల సిగ్గును మరీ ఎక్కువగా అంచనా వేశాను.

ఆ నుయ్యి లైను వేసిన కూలీలు తవ్వుకున్నది. వాళ్లు వెళ్లిపోయాక మా ఆడవాళ్ల చేతికొచ్చింది. సింహాచలం అప్పన్న నిజరూప దర్శనానికి ముందురోజు పాసింజరు అవతలి ఊళ్ల జనంతో కిక్కిరిసి వస్తుంది. మావాళ్లు ఇత్తడి బిందెలతో నిలబడి కిటికీల్లోంచి నీళ్లు పోసేవారు. ఆ రోజు రైలు కదిలేదాకా ఊళ్లో ఎవరూ గుక్కెడు నీళ్లు ముట్టరు. పాలు తాగే పిల్లలకే మినహాయింపు. రైలు తాగాకే ఊరు తాగాలి. మా మేనత్తకు పెళ్లయిన ఏడాది నుంచి ఈ మొక్కు తప్పలేదు.

ఇదంతా రాసి పంపాను. బోర్డు మీద వచ్చింది వేరు: అధ్యక్షుడిగారి తాత స్థలమిచ్చాడట, నుయ్యి తవ్వించాడట, రైలును ఆయనే పిలిపించాడట. ఇంజనుకు బొగ్గు వేసింది కూడా ఆయనే అని రాయకుండా ఎందుకు వదిలేశారో తెలియదు. నా పేరు వేయనందుకు మాత్రం స్వామికి మనస్ఫూర్తిగా దండం పెట్టుకున్నాను.

ప్రారంభోత్సవం సరిగ్గా ఆ దర్శనానికి ముందురోజే పెట్టారు. నేనూ దువ్వాడ నుంచి వచ్చాను. నూతి మీద సిమెంటు పలక, పలక మీద పాలరాయి, పాలరాయి మీద అధ్యక్షుడు. వెనక గోడ మీద ఆవిరి ఇంజను బొమ్మ. దాని పొగ కూడా ఆయన జుట్టులాగే నున్నగా దువ్వి ఉంది. వేదిక మీద అందరి ముందూ నీళ్ల సీసాలు. ఉపన్యాసం మధ్యలో ఆయన ఒక సీసా గటగటా తాగేసి మూతి తుడుచుకున్నాడు.

మేనత్త ఇంటి కుళాయి దగ్గర నింపుకొచ్చిన బిందెతో నిలబడి ఉంది. పెదాలు ఎండిపోయాయి. పాసింజరు వచ్చి ఆగింది. కిటికీలోంచి ఒక ఒరియా ముసలమ్మ "పాణి" అంటూ నీళ్లకోసం సీసా చాపింది. మేనత్త అటు కదిలింది.

"అత్తా, కూసింత పక్కకి జరుగు. ఫొటోకి అడ్డొత్తన్నావు" అన్నాడు అధ్యక్షుడు.

ఆవిడ ఆగలేదు. సీసా నింపుతూనే అంది: "నా నూతి నెత్తినెక్కి నిలబడి నన్ను జరగమంతన్నావేట్రా? ముందు నువ్వు దిగు."

జనం నవ్వారు. ఆయనా నవ్వాడు, కెమెరా ఆయన వైపే ఉంది మరి. దిగలేదు. నుయ్యి ఇక తెరుచుకోదు.

రైలు కదిలింది. బిందె అడుగున మిగిలిన నీళ్లు నా చేత దోసిట్లో పోయించుకుని, అప్పన్నకు దండం పెట్టి, మేనత్త అప్పుడు తాగింది. నేనూ ఆమె తర్వాతే తాగాను. ఆ నీళ్లు దొరికినందుకు కృతజ్ఞురాలిని.

మా స్టేషన్ చరిత్రలో ఆ రోజున రైలు కంటే ముందు తాగిన మొదటి మనిషి అధ్యక్షుడుగారే. ఆ ఒక్క ఘనతా నిజంగా ఆయనదే. బోర్డు మీద మాత్రం రాయించుకోలేదు.